క్రిస్మస్ బహుమతి గురించి మీరు అడిగిన ప్రశ్న

ప్రియమైన పిల్లలకు,

క్రిస్మస్ ఆరాధన అయ్యాక మీలో ముగ్గురు నా దగ్గరికి వచ్చి అడిగారు: "టీచరమ్మా, మేము ఏడాది పొడుగునా ఒక్క ఆదివారం కూడా సండే స్కూలు మానలేదు. ఆ అబ్బాయి డిసెంబరులో చేరాడు. అతనికీ మాకూ ఒకే బహుమతి ఎలా ఇస్తారు?" అంత జనంలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీ కోపం నాకు అర్థమైంది, అందుకే తీరికగా రాస్తున్నాను.

ఇది యేసు శిష్యుడు పేతురుకు కూడా వచ్చిన సందేహమే. అన్నీ విడిచి నీ వెంట వచ్చాం, మాకేమి దొరుకుతుందని ఆయన యేసును అడిగాడు. ఆ మాటల వెంటనే యేసు చెప్పినదే బైబిల్లో మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కథ.

దాన్ని మన చిత్తూరు మామిడితోట అనుకుని చదవండి. కాయలు కోసే రోజుల్లో తెల్లవారకముందే కూలీలు కూడలిలో నిలబడేవారు. మా నాన్న కూడా. తోటలవాళ్లు వచ్చి గట్టివాళ్లను ముందు ఏరుకునేవారు. నాన్నకు ఒక కాలు సరిగా ఉండేది కాదు, చాలాసార్లు ఆయనే మిగిలిపోయేవారు. పొద్దెక్కినా ఇంటికి వచ్చేవారు కాదు. వట్టి చేతులతో మా ముఖాలు చూడలేక అక్కడే కూర్చునేవారు. ఆ రోజు ఆయన పని చేయలేదన్నది నిజం. అయితే ఆయన సోమరి కాదు.

కథలో యజమాని తెల్లవారుజామున, తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు వెళ్లి కూలీలను పిలుస్తాడు. సాయంత్రం ఐదుకు మళ్లీ వెళతాడు. ఆరింటికి పని ముగిసిపోతుంది! గంట పని కోసం ఏ రైతైనా కూలీలను వెతుక్కుంటూ వెళతాడా? పని కోసం కాదు, ఆ మనుషుల కోసమే వెళ్లాడని నా నమ్మకం. ఎందుకు ఊరికే నిలబడ్డారని అడిగితే, ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదని వాళ్లు చెప్పారు. అది చదివినప్పుడల్లా నాకు నాన్న కనబడతారు.

అందరికీ తలా ఒక దేనారం ఇచ్చాడు. ఆనాడు అది రోజు కూలి. గంటకు లెక్కకట్టి పన్నెండో వంతు ఇస్తే లెక్క సరిపోయేదే, ఇంట్లో పొయ్యి మాత్రం వెలిగేది కాదు. పొద్దున వచ్చినవాళ్లకు ఒప్పుకున్న కూలిలో పైసా తగ్గించలేదు, అయినా వాళ్లు సణిగారు. పనిచేసినవాడికి ఇచ్చే జీతం బాకీయే గాని దానం కాదని అపొస్తలుడైన పౌలు రోమా పట్టణంలోని విశ్వాసులకు ఉత్తరం రాశాడు. బాకీ లేకపోయినా వెతుక్కుంటూ వచ్చి ఇచ్చేదాన్నే మనం కృప అంటాం. ఇన్నేళ్లు మీకు పాఠాలు చెప్పాను కాబట్టి నేను పొద్దుటి కూలీనని చాలాకాలం అనుకున్నాను. కాదు పిల్లలూ, దేవుడు నన్ను కూడా సాయంత్రం ఐదింటికే పిలిచాడు.

ఆ అబ్బాయి ఇల్లు మన చర్చి వెనక వీధిలోనే. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని మొన్న అడిగాను. "ఎవరూ పిలవలేదు టీచరమ్మా" అన్నాడు. పిలవనివాళ్లలో నేనూ ఉన్నాను.

వచ్చే ఆదివారం చెల్లిని కూడా తీసుకొస్తానన్నాడు. చాప మీద మీ పక్కన ఇద్దరికీ చోటు ఉంచండి.

ప్రేమతో,
మీ టీచరమ్మ
చిత్తూరు