స్వాతంత్ర్యోద్యమ నినాదాలు: ‘జతపరచండి’ పట్టికలో ఇమడని వాస్తవాలు

హనుమకొండలో పోటీ పరీక్షల అభ్యర్థులకు ఆధునిక భారత చరిత్ర బోధించే నాకు నినాదాలనూ నాయకులనూ జతపరిచే పట్టికంటే ఎప్పుడూ అనుమానమే. మార్కులకు అది పనికివస్తుంది, కాదనను. కానీ నినాదానికొక పేరు చొప్పున తగిలించి, దాన్ని జనంలోకి తీసుకువెళ్లిన మిగతావారందరినీ మరుగున పడేస్తుంది.

అపోహ: ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ భగత్‌సింగ్ సృష్టి.

వాస్తవం: 1921లో ఈ నినాదాన్ని ఇచ్చినవారు ఉర్దూ కవి మౌలానా హస్రత్ మొహానీ. అదే ఏడాది అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభలో సంపూర్ణ స్వాతంత్ర్యం కోరుతూ తీర్మానం ప్రతిపాదించి, గాంధీజీ వ్యతిరేకించడంతో నెగ్గించుకోలేకపోయినవారూ ఆయనే. 1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో బాంబులు విసిరిన భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్‌లు పారిపోకుండా నిలబడి ఎలుగెత్తి పలికిన తర్వాతనే అది దేశమంతటా మారుమోగింది. ‘మోడరన్ రివ్యూ’ సంపాదకుడు రామానంద ఛటర్జీ ఆ నినాదాన్ని విమర్శించినప్పుడు, ఆ ఇద్దరూ జైలు నుంచే జవాబు రాసి, అది నిరంతర రక్తపాతాన్ని కోరే మాట కాదనీ, మెరుగైన మార్పు కోసం పడే ఆరాటమనీ వివరించారు. నా దృష్టిలో ఆ నినాదంపై భగత్‌సింగ్‌కు హక్కు దక్కింది శాసనసభలో పలికినందుకు మాత్రమే కాదు, దానికి ఇలా పూచీ పడినందుకు కూడా.

అపోహ: ‘క్విట్ ఇండియా’ గాంధీజీ మాట.

వాస్తవం: ఆ మాటను సూచించినది, అంతకుముందు ‘సైమన్ గో బ్యాక్’ను అందించినదీ బొంబాయి సోషలిస్టు నాయకుడు యూసుఫ్ మెహర్అలీ. 1942 ఆగస్టు 8న గాంధీజీ ఇచ్చిన పిలుపు ‘చేయండి లేదా చావండి’. ‘జై హింద్’ విషయంలోనూ నేతాజీ పక్కన, ఆ మాటను సూచించిన ఆయన సహచరుడు, హైదరాబాద్‌వాసి ఆబిద్ హసన్ సఫ్రానీని తలచుకోవాలి.

అపోహ: నిజాం రాజ్యంలో వినిపించినవన్నీ బ్రిటిష్ ఇండియా నినాదాలకు ప్రతిధ్వనులే.

వాస్తవం: ‘వందేమాతరం’ మటుకు బయటి నుంచి వచ్చిందే. 1938లో దాన్ని ఆలపించినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యార్థులను బహిష్కరించగా చాలామంది నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. వంగరకు చెందిన పి.వి. నరసింహారావు కూడా ఆ ఉద్యమంలో పాల్గొన్నవారే. పల్లెల్లో మాత్రం వెట్టి, అక్రమ వసూళ్లు, బేదఖళ్లే (రైతులను భూమి నుంచి వెళ్లగొట్టడాలే) పోరాటపు మాటలయ్యాయి. నినాదం ఒక్కటే జనాన్ని కూడగట్టిందనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే 1944 భువనగిరి సభ తర్వాత, పల్లె జనం ‘సంఘం’ అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుము అణాకు తగ్గడంతో పేద రైతుకూ సంఘంలో చోటు దొరికింది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమురయ్య నేలకొరిగింది సంఘం ఊరేగింపులోనే.

ఇక దేశమంతా బ్రిటిష్ వారిని వెళ్లిపొమ్మన్న చోట, ఇక్కడి ప్రజలు తమను భారతదేశంలో కలపాలని కోరవలసివచ్చింది. 1947 ఆగస్టు 7న స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ‘జాయిన్ ఇండియా’ దినం పాటించింది. ఆ కోరిక తీరడానికి 1948 సెప్టెంబరు దాకా ఆగవలసివచ్చింది.