డాక్టర్ హూ నవలలు: లెక్కలోకి వచ్చేవా, రానివా?

ఇంటర్నెట్ పుణ్యమా అని డాక్టర్ అనే పాత్ర కాలయంత్రంలో తిరిగే బ్రిటిష్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ చూడడం మొదలుపెట్టిన గోదావరి జిల్లాల యువతకు కొంత దూరం వెళ్లాక ఒక చిక్కు ఎదురవుతుంది. తెరమీద కథ ఒకటి ఉంది. అదే పేరుతో వచ్చిన వందలాది నవలలు వేరే ఉన్నాయి. నవలలో జరిగింది ‘నిజంగా’ జరిగినట్టేనా, లేక అది సీరియల్ పేరు చెప్పుకుని అమ్ముకున్న సరుకా? ఈ వాదన ఆ సీరియల్ పుట్టిన దేశంలోనే ఇప్పటికీ తెగలేదు. తెగకపోవడానికి కారణం ఆ నవలలు చేసిన పనిలోనే ఉంది.

సీరియల్ 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. మరుసటి ఏడాదే తొలి నవల వచ్చింది. రాసింది డేవిడ్ విటేకర్, సీరియల్‌కు మొదటి కథా సంపాదకుడు. అంటే ఇంటి మనిషే. అయినా ఆయన తెరకథను మక్కీకి మక్కీ దింపలేదు. టీవీలో కథ లండన్‌లోని ఒక పాఠశాలలో మొదలైతే, నవలలో పొగమంచు కమ్మిన మైదానం పక్కన జరిగిన రోడ్డు ప్రమాదంతో మొదలవుతుంది. పైగా ఇయాన్ అనే పాత్ర ఉత్తమ పురుషలో చెబుతాడు. మొదటి నవలే తన దారి తాను చూసుకుందన్నమాట. ‘అసలుకు విధేయంగా ఉన్నవే మంచి నవలలు’ అని పట్టుబట్టేవారు ఈ సంగతి ఎందుకో మరిచిపోతారు.

1973లో టార్గెట్ అనే ప్రచురణ సంస్థ 1960లలో వచ్చిన మూడు నవలలను మళ్లీ అచ్చు వేసి, ఆ పైన కొత్తవి రాయించడం మొదలుపెట్టింది. అందరికన్నా ఎక్కువ రాసినవారు టెర్రన్స్ డిక్స్. అరవైకి పైగా రాశారు. పలుచని పుస్తకాలు, చిన్న వాక్యాలు. డాక్టర్ కాలయంత్రం దిగే చప్పుడును దాదాపు ప్రతిసారీ అవే మాటల్లో వర్ణించేవారు. విమర్శకులు నవ్వుకున్నారు, పిల్లలు మాత్రం కంఠతా పట్టారు.

ఆ పుస్తకాలకు అంత గిరాకీ ఎందుకు? తప్పిపోయిన భాగాన్ని మళ్లీ చూసే దారి లేదు గనుక. పునఃప్రసారాలు తక్కువ, ఇళ్లలో వీడియో ఇంకా రాలేదు. అంతకన్నా ఘోరం, బీబీసీ ఆ టేపులనే చెరిపేసింది. వీడియో టేపు ఖరీదైనది, మళ్లీ వాడుకోవచ్చు, పాత కార్యక్రమాలకు ఇక విలువ లేదనుకున్నారు. తొలి ఆరేళ్లలో వచ్చిన 253 భాగాల్లో 90కి పైగా దృశ్యరూపంలో నేటికీ దొరకలేదు. అభిమానులు ఇంట్లో రికార్డు చేసుకున్న శబ్దం మిగిలింది, నవల మిగిలింది. మార్కో పోలో కథ ఏడు భాగాలూ అలా పోయినవే. దాన్ని రాసిన జాన్ లూకరోటీయే 1980లలో నవలగా మళ్లీ చెప్పారు.

డెల్టా పాఠకులకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఊరి టూరింగ్ టాకీసులో బొమ్మ మారిపోతే ఆ సినిమా మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో మనకు వెండితెర నవలలు, అంటే సినిమా కథనే పుస్తకంగా రాసినవి, ఉండేవి. ధవళేశ్వరంలో 1931లో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ వంటి రచయిత కూడా వాటిని రాశారు. చిన్నచూపు చూడదగ్గ పనే అయితే ఆయన కలం దానిమీద వృథా అయ్యేది కాదు. అయితే వీడియో కేసెట్లు, టీవీ ఛానెళ్లు వచ్చి సినిమాను ఇంటికే తెచ్చాక మన వెండితెర నవల వెనకబడిపోయింది. జ్ఞాపకానికి బదులుగా ఉండడమే దాని పని, ఆ పని తీరిపోయింది.

డాక్టర్ హూ నవలకూ అదే గతి పట్టాలి. పట్టలేదు. 1989లో బీబీసీ సీరియల్‌ను ఆపేసింది. నవలగా మార్చడానికి పాత కథలు కూడా దాదాపు అయిపోయాయి. అప్పుడు వర్జిన్ సంస్థ 1991లో పూర్తిగా కొత్త కథలతో నవలామాలిక ప్రారంభించింది. పేరులేని కొత్త రచయితలు పంపిన రాతప్రతులు కూడా చదివి తీసుకుంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో పెద్ద మలుపు ఇదే. తెర ఖాళీగా ఉన్న కాలంలో కథ పుస్తకాల్లోనే ముందుకు నడిచింది, పెద్దవాళ్ల నవలగా మారింది. కొన్నిచోట్ల హింస, నిరాశ శ్రుతి మించిన మాట కూడా నిజమే.

ఆ రచయితల్లో మార్క్ గేటిస్, పాల్ కార్నెల్ ఉన్నారు. 1996లో అక్కడ ఒక నవల రాసిన రస్సెల్ టీ డేవిస్ 2005లో సీరియల్‌ను మళ్లీ తెరమీదికి తెచ్చారు. కార్నెల్ 1995లో రాసిన ‘హ్యూమన్ నేచర్’లో డాక్టర్ తనెవరో మరిచి మామూలు మనిషిగా, బడిపంతులుగా బతుకుతాడు. 2007లో అదే కథను ఆయనే టీవీకి మార్చి రాశారు. డాక్టర్ పాత్ర రూపం మార్చుకుంటూ ఉంటుంది, కొత్త రూపంలో కొత్త నటుడు వస్తాడు. నవలలో ఏడో డాక్టర్, తెరపై పదో డాక్టర్. ఇప్పుడు ఏది జరిగినట్టు, ఏది జరగనట్టు?

ఫలానావి లెక్కలోకి వస్తాయి, ఫలానావి రావు అని బీబీసీ ఎన్నడూ తీర్పు చెప్పలేదు. అభిమానులకు అది కోపం తెప్పిస్తుంది కానీ మనవైపు వాళ్లకు తెప్పించాల్సిన పని లేదు. పంచారామాల్లో నాలుగు, ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. ఒక్కో గుడిలో ఒక్కో స్థలపురాణం వింటాం. ఒకదానికొకటి సరిపోలేదని ఎవరూ ప్రదక్షిణ మానుకోరు.

మొదలుపెట్టాలనుకునేవారు వరుస సంఖ్యల జోలికి పోకుండా విటేకర్ తొలి నవల, ఆ తర్వాత ‘హ్యూమన్ నేచర్’ చదవాలి. 2007 నాటి రెండు భాగాలు చూడడం నవల పూర్తయ్యాకే.