మట్టి పైల్వాన్ మ్యాట్ కోచ్ ఎందుకు కాలేకపోయాడు?

నారాయణపేట, మక్తల్ చుట్టుపక్కల జాతరల్లో ఇప్పటికీ కుస్తీలు పెడతారు. చిన్నపిల్లల టెంకాయ కుస్తీతో మొదలై పొద్దుగూకే వేళకి వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి, కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా పైల్వాన్లు దిగుతారు, గెలిచినవాణ్ని భుజాలకెత్తుకుని డప్పులతో ఊరు తిప్పుతారు. ఆ కడియం గెలిచినాయన నలభై ఏళ్లొచ్చాక ఏం చేస్తున్నాడో మాత్రం ఎవరూ అడగరు. లారీ తోలుతుంటాడు, లేదంటే హమాలీ పనికి పోతుంటాడు, పాలమూరు కాబట్టి ముంబైకో పుణెకో వలస పోయి ఉంటాడు. ఒకరిద్దరు ఊళ్లో పాత తాలీం (కుస్తీ వ్యాయామశాల) తలుపులు తెరిచిపెట్టి పొద్దున్నే నలుగురు పిల్లలతో దండీలు, బస్కీలు తీయిస్తుంటారు. ఆ పిల్లలు జిల్లా పోటీల దాకా వెళ్తారు, తర్వాత వాళ్ల పేర్లు వినపడవు.

ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా మన దేశానికి కుస్తీలో వచ్చినవి 8 పతకాలు, తెచ్చినవాళ్లు 7 మంది. ఒకాయనది మహారాష్ట్ర, మిగతా అందరిదీ ఢిల్లీ, హర్యానా. బలానికి అక్కడివాళ్లు మొనగాళ్లు, మనవాళ్లు తక్కువ అని నేను ఒప్పుకోను. తేడా కోచ్ దగ్గరే ఉంది, అదీ గెలిచి ఆట మానేశాక కోచ్‌గా నిలబడ్డ మనిషి దగ్గర.

మట్టిలో నేర్చుకున్నది మ్యాట్ మీద, అంటే ఒలింపిక్స్‌లో కుస్తీ పట్టే పరుపు మీద, ఎక్కడ ఎదురు తిరుగుతుందో ముందు చెప్పాలి. మట్టి కుస్తీలో వీపు నేలకానితేనే ఓటమి. అందుకే కింద పడ్డ పైల్వాన్ బోర్లా పడుకుని, మోచేతులు దగ్గరికి లాక్కుని నేలకి అతుక్కుపోతాడు, పైవాడు ఎంత గుంజినా కదలడు, టైమంతా గడుస్తుంది, ఆయనకేం కాదు. మ్యాట్ మీద అదే పని చేస్తే? పడేసినందుకు అవతలివాడికి 2 పాయింట్లు. వెంటనే రెండు చీలమండలు కలిపి మెలేసి దొర్లిస్తాడు, ఒక్కో దొర్లింతకి మళ్లీ 2. నాలుగుసార్లు దొర్లిస్తే 10–0, నిమిషం నిండకముందే కుస్తీ ఖతం. పాలమూరు వైపే ఒక తాలీంలో నేను చూశాను, వస్తాద్ గారు, అంటే అక్కడి గురువు, ధోబీపాట్ (అవతలివాణ్ని వీపు మీంచి విసిరే పట్టు) ఎలా వేయాలో చూపిస్తుంటే ఎంత ముచ్చటగా ఉందో, చెయ్యి ఎక్కడ పట్టాలి, తుంటి ఎంత లోపలికి పోవాలి అన్నీ తెలుసు. అదే పిల్లాడు కింద పడగానే ఆయన "పండుకో, పండుకో" అని అరుస్తున్నాడు. ఆయన తప్పేం లేదు, తన గురువు దగ్గర తను నేర్చుకున్నదే చెబుతున్నాడు.

ఈ గొడవ పాతదే. సతారా జిల్లా గోలేశ్వర్ నుంచి వచ్చిన ఖాశాబా జాదవ్ 1948 లండన్ ఒలింపిక్స్‌కి పోయేదాకా మట్టి మీదే పెరిగిన మనిషి. అక్కడ అమెరికా కుస్తీవీరుడు రీస్ గార్డ్‌నర్ శిక్షణ ఇచ్చాడు, ఆరో స్థానం వచ్చింది. నాలుగేళ్లకి హెల్సింకీలో కాంస్యం, స్వతంత్ర భారతానికి వ్యక్తిగత పోటీల్లో తొలి పతకం. తర్వాత ఆయన్ని ఏం చేశాం? 1955లో పోలీసు శాఖలో ఎస్సై ఉద్యోగం ఇచ్చాం, 1984లో రోడ్డు ప్రమాదంలో పోయాక ఎప్పటికో అర్జున అవార్డు ప్రకటించాం. లండన్‌లో, హెల్సింకీలో ఆయన ఒంటబట్టించుకున్న విద్యని పిల్లలకి దాటించే అకాడమీ ఒక్కటీ కట్టలేదు. 1952 తర్వాత కుస్తీలో మళ్లీ పతకం చూడటానికి 56 ఏళ్లు పట్టింది.

ఆ పతకం ఎలా వచ్చిందో చూడండి. ఢిల్లీలో గురు హనుమాన్ అనే ఆయన బిర్లా మిల్స్ దగ్గర వ్యాయామశాల నడిపేవాడు. ఆయన శిష్యుడు సత్పాల్ 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు, ఆట అయిపోయాక ఛత్రసాల్ స్టేడియంలో కోచ్‌గా కూర్చున్నాడు. 14 ఏళ్ల సుశీల్ కుమార్ అక్కడికే వచ్చాడు, 2008లో కాంస్యం, 2012లో రజతం. యోగేశ్వర్ దత్, రవి దహియా, 2024లో పారిస్‌లో గెలిచిన అమన్ సెహ్రావత్, అందరూ ఆ గడప దాటినవాళ్లే. అక్కడ అంతా మంచే జరిగిందని కాదు, 2021లో అదే స్టేడియంలో ఒక యువ పైల్వాన్ హత్య కేసులో సుశీల్ అరెస్టయ్యాడు. అయినా ఒక్క ఛాంపియన్‌కి ఒక హాలు, మ్యాట్లు, ఉండటానికి హాస్టల్, నెలనెలా జీతం ఇస్తే ఏమవుతుందో ఆ చోటే చెబుతుంది. అమెరికాలో డాన్ గేబుల్ కూడా అంతే, 1972 మ్యూనిక్‌లో ఒక్క పాయింటూ ఇవ్వకుండా స్వర్ణం గెలిచి, అయోవా యూనివర్సిటీకి కోచ్‌గా 15 జాతీయ టైటిళ్లు తెచ్చాడు. ఆయనకి వెనక యూనివర్సిటీ ఉంది. మన వస్తాద్‌కి రేకుల షెడ్డు ఉంది.

అంత దూరం ఎందుకు, నిజామాబాద్ చూడండి. బాక్సింగ్‌లో నిఖత్ జరీన్‌కి తొలి పాఠాలు ఆ ఊళ్లోనే శంసముద్దీన్ గారి దగ్గర, తర్వాతే విశాఖలో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) సెంటర్‌లో ఐవీ రావు దగ్గరికి పోయింది, 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. జిల్లా కేంద్రంలో గట్టి కోచ్ ఒక్కరుంటే చాలని చెప్పడానికి ఇంకేం కావాలి? పాలమూరులో, నల్లగొండలో అలాంటి మనిషి లేడని కాదు, ఉన్నాడు, కాగితం లేదు. పటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంటేనే కోచ్ ఉద్యోగానికి దారి, ఆ కోర్సుకి మామూలుగా డిగ్రీ అడుగుతారు. ఏడో తరగతిలో బడి మానేసి తాలీంలో చేరినాయన దగ్గర డిగ్రీ ఎక్కడుంటుంది?

ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్లో ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన పోరు) చూసి ఇదే నేర్చుకుంటాం అంటున్నారు. వాళ్లని తిట్టక్కర్లేదు. 1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ అనే ఆ పోరు పోటీలో తనకన్నా బరువైనవాళ్లని పట్లతో లొంగదీసి గెలిచింది హోయిస్ గ్రేసీ, ఆ పోరులో పట్టు తెలిసినవాడికి ఎప్పుడూ విలువే, మన రీతూ ఫోగాట్ కూడా కుస్తీ నుంచే అటు వెళ్లింది. అమ్మాయిల సంగతి వేరుగా ఆలోచించాలి. 2023లో కుస్తీ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో సాక్షి మాలిక్, వినేశ్ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకి కూర్చున్నది చూశాక ఏ తల్లి అయినా టెన్షన్ పడుతుంది, మహిళా కోచ్ లేకుండా పిల్లని పంపమని ఎవరినీ అడగలేం.

నాకు తోచిన దారి ఒకటుంది. ఈ తాలీముల్లో ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలు ఉన్నారు. అందులో ఆట బాగా వచ్చిన ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని ఖర్చు పెట్టుకుని పటియాలా పంపాలి, వచ్చాక జిల్లా స్టేడియంలో ఒక హాలు, ఒక మ్యాట్ ఇచ్చి జీతం మీద పెట్టాలి, పక్కనే వస్తాద్ గారిని గౌరవ వేతనంతో కూర్చోబెట్టాలి. నిలబడి పట్టే పట్లు ఆయన చెబుతాడు, కింద పడ్డాక ఏం చేయాలో వాళ్లు చెబుతారు. జాతరకి చందాలిచ్చే పెద్దలు, ఎమ్మెల్యేలు వెండి కడియం ఇవ్వడం మానక్కర్లేదు, ఒక్క ఏడాది మ్యాట్‌కి కూడా చందా ఎత్తమని అడుగుతున్నాను.