బియ్యంలో తెల్లరాయి

"మామోగ్రామ్ నార్మల్ వచ్చింది కదా, ఇంక టెన్షన్ ఎందుకు" అని పాతికేళ్ల అమ్మాయికి ధైర్యం చెప్పేస్తుంటారు, ఇంట్లో వరసగా కేన్సర్లున్న అమ్మాయికైతే నేను ఆ మాట చెప్పను. మామోగ్రామ్ అంటే ఎక్స్‌రేనే, రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి తీస్తారు, అందులో కొవ్వు నల్లగా పడుతుంది, పాలగ్రంథులు తెల్లగా పడతాయి, కేన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది, చిక్కంతా ఇక్కడే. వయసు పైబడ్డాక గ్రంథులు తగ్గి కొవ్వు పెరుగుతుంది కాబట్టి చేటలో మినుముల మధ్య తెల్లరాయిలా గడ్డ బయటపడుతుంది. చిన్న వయసులో చాలామందికి గ్రంథులే ఎక్కువ, అప్పుడది బియ్యంలో తెల్లరాయి, మా అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని ఏరినా ఒకటి పంటికింద పడేది.

వంశంలో వచ్చే జీన్ లోపం ఉన్నవాళ్లకేమో కేన్సర్ ఆ వయసులోనే వచ్చేయొచ్చు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లు తెగిన డీఎన్‌ఏని అతికే పనిలో ఉంటాయి, ఒకటి పాడైతే 80 ఏళ్లలోపు రొమ్ము కేన్సర్ వచ్చే అవకాశం దాదాపు 70 శాతం. ఇంతకన్నా అరుదైనది లీ-ఫ్రౌమెనీ సిండ్రోమ్. 1969లో అమెరికాలో ఫ్రెడరిక్ లీ, జోసెఫ్ ఫ్రౌమెనీ అనే డాక్టర్లు నాలుగు కుటుంబాల్లో పిల్లలకి కండరాల కేన్సర్, చిన్న వయసు తల్లులకి రొమ్ము కేన్సర్ రావడం గమనించారు, దానికి కారణం టీపీ53 అనే జీన్ అని 1990లో తేలింది. డీఎన్‌ఏ దెబ్బతింటే కణాన్ని ఆపే జీనే అది, ఎక్స్‌రేలేమో డీఎన్‌ఏని దెబ్బతీయగలవు, అందుకే వీళ్లకి ఎక్స్‌రేలు వీలైనంత తగ్గించి 20 ఏళ్ల నుంచే ఏటా ఎంఆర్‌ఐ చేయమంటారు. బీఆర్‌సీఏ వాళ్లకి 25 నుంచి ఎంఆర్‌ఐ, 30 దాటాక మామోగ్రామ్ కూడా.

ఎంఆర్‌ఐలో బోర్లా పడుకోబెట్టి చేతి నరంలోకి గాడోలినియం అనే, స్కాన్‌లో మెరుస్తూ కనిపించే మందు ఎక్కిస్తారు. గడ్డ తన కోసం హడావుడిగా కట్టుకున్న రక్తనాళాలు కారిపోతుంటాయి కాబట్టి మందు అక్కడికి గబుక్కున చేరి చాలాసార్లు గబుక్కున దిగిపోతుంది కూడా, ఆ ఎక్కిదిగే తీరే గడ్డని పట్టిస్తుంది. 2004లో వచ్చిన నెదర్లాండ్స్ స్టడీలో, రిస్క్ ఎక్కువున్న 1909 మంది ఆడవాళ్లలో, చుట్టుపక్కలకి పాకిన రొమ్ము కేన్సర్లలో మామోగ్రామ్ పట్టింది 33 శాతమే, ఎంఆర్‌ఐ దాదాపు 80 శాతం పట్టింది. అలాగని ఎంఆర్‌ఐ దేవుడేం కాదు, ఉత్తుత్తి అలారాలు ఎక్కువ, పీరియడ్ మొదలైన 7 నుంచి 14 రోజుల మధ్య తీయకపోతే ఇంకా ఎక్కువ.

ఇంకో తిరకాసు, బీఆర్‌సీఏ1 గడ్డలు కొన్ని గుండ్రంగా నున్నగా ఉండి అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో ఫైబ్రోఎడినోమా అనే కేన్సర్ కాని మామూలు గడ్డలా కనిపిస్తాయి, "చిన్న వయసు కదా, అదే అయ్యుంటుంది, ఆర్నెల్ల తర్వాత చూద్దాం" అంటే ఈ అమ్మాయిల విషయంలో కుదరదు, సూది గుచ్చి బయాప్సీ చేసి చూడాల్సిందే.

అసలు రిస్క్ ఉందని తెలిస్తే కదా ఇవన్నీ. అడిగితే అమ్మ, అమ్మమ్మ, పిన్ని లెక్క చెప్పి "మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అంటారు, నాన్న వైపు ఎవరూ గుర్తురారు, మరీ అడిగితే నాయనమ్మ కడుపులో నీరు చేరి పోయిందంట అంటారు. ఆ నీరు అండాశయ కేన్సర్ వల్ల కూడా అయ్యుండొచ్చు, బీఆర్‌సీఏ పాడైతే అదీ రావచ్చు, ఆ పాడైన జీన్ నాన్నకి చేరి, ఆయన నుంచి సగానికి సగం ఛాన్స్‌తో ఈ అమ్మాయికి వచ్చుండొచ్చు, ఆయనేమో ఏ జబ్బూ లేకుండా ఆ పక్క కుర్చీలోనే కూర్చుని ఉంటాడు.