సుత్తి లేని కోర్టు: మనవలకు తాతయ్య ఉత్తరం

బ్రాంప్టన్, ఒంటారియో రాష్ట్రం, కెనడా

చిరంజీవులు చిన్నాకు, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోనులో బుజ్జి అడిగింది, "తాతయ్యా, అక్కడి జడ్జిగారు కూడా బల్ల మీద సుత్తితో కొడతారా?" అని. జవాబు చెప్పేలోపే బాబాయి కారు హారను మోగించాడు, ఫోను పెట్టేశాను. ఇక్కడ సుత్తి లేదమ్మా. మన జిల్లా కోర్టులోనూ లేదు. ముప్పై ఒక్క ఏళ్లు బెంచి క్లర్కుగా జడ్జిగారి ముందు కూర్చున్నవాణ్ని, ఒక్కనాడూ చూడలేదు. అది సినిమావాళ్లు తెచ్చిన సుత్తి.

నేను వెళ్లి చూస్తున్నది ఒంటారియో సుపీరియర్ కోర్ట్ ఆఫ్ జస్టిస్. ఈ పేరు 1999లో వచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే జిల్లా కోర్టు చేసే పని, హైకోర్టుకు ఉండే దర్జా ఒకేచోట కలిసినట్టు. హత్య కేసులు ఇక్కడే విచారిస్తారు. విడాకులు ఇక్కడే ఇస్తారు. పెద్ద సొమ్ము దావాలు ఇక్కడికే వస్తాయి. చిన్న సొమ్ముకు దీనిలోనే ఒక శాఖ ఉంది. 2020 నుంచి 35,000 డాలర్ల వరకు ఆ శాఖ చూసేది, 2025 అక్టోబరు నుంచి ఆ హద్దును 50,000కు పెంచారు. ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు, టిక్కెట్టు లేదు. ఫొటో మాత్రం తీయకూడదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. జడ్జిని నియమించేది, జీతం ఇచ్చేది ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం. కోర్టు భవనం, గుమాస్తాలు, కుర్చీలు, కంప్యూటర్లు రాష్ట్ర ప్రభుత్వానివి. పురోహితుణ్ని ఒకరు పిలిస్తే పందిరి మరొకరు వేసినట్టు. 1867 నాటి రాజ్యాంగంలోనే ఇలా రాసుకున్నారు. దీనివల్ల ఒక మేలుంది. తీర్పు నచ్చలేదని రాష్ట్ర మంత్రి జడ్జిగారి జీతం ఆపలేడు, ఆయన 75 ఏళ్లు వచ్చేదాకా కుర్చీలో ఉంటారు. ఒక చిక్కూ ఉంది. ప్రధాన న్యాయమూర్తికి కొత్త కంప్యూటర్లు కావాలన్నా రాష్ట్రాన్ని అడగాలి. కోర్టులో ఏదైనా మారాలంటే ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. అందుకే ఇక్కడ మార్పులు నిదానంగా వచ్చేవని నాకు అనిపిస్తుంది.

అలాంటి చోట 2020 మార్చి వచ్చింది. కరోనాతో కోర్టులు మూతపడ్డాయి. దావా కాగితాలు కట్టలుగా కౌంటరులో ఇచ్చే పద్ధతి అప్పటిదాకా నడిచింది, ఇక నడిచే వీలు లేకపోయింది. ఆ మే నెలలో ఒక దావాలో వాది తరఫువాళ్లు ఎదుటి పక్షాన్ని వీడియోలో ప్రశ్నించడానికి ఒప్పుకోలేదు. ఎదుటివాళ్ల ముఖం సరిగా తెలియదు, గాంభీర్యం ఉండదు, ఎవరైనా పక్కనుంచి అందిస్తే ఎలా అన్నారు. జస్టిస్ మయర్స్ అందుకు ఇచ్చిన జవాబు "ఇది 2020" అన్నంత చిన్నది. ఆ మాట ఇక్కడి వకీళ్లకు నానుడిలా అయిపోయింది.

బుజ్జీ, ఈ రాష్ట్రం ఎంత పెద్దదో తెలిస్తే వీడియో విలువ తెలుస్తుంది. టొరంటో నుంచి కెనోరా ఊరికి రోడ్డు మీద 1800 కిలోమీటర్లకు పైనే. రెండూ ఒకే రాష్ట్రం, ఒకే కోర్టు. పది నిమిషాల వాయిదా కోసం ఎవరు అంత దూరం వెళ్తారు? ఇప్పుడు అలాంటి చిన్న పనులు తెర మీదే అయిపోతున్నాయి. సాక్షులను విచారించే అసలు ఘట్టానికి మాత్రం మనుషులు గదిలోకి రావాలన్నది 2022 ఏప్రిల్ నుంచి పెట్టుకున్న మామూలు పద్ధతి. ఇది సబబే. సాక్షి అబద్ధం చెప్పేటప్పుడు కాళ్లు ఏం చేస్తాయో నేను ముప్పై ఏళ్లు చూశాను. తెర మీద కాళ్లు కనబడవు.

నాకు నోరు తెరిపించింది ఇంకొకటి. మన కోర్టులో వకీలుగారు "పేజీ నూట పన్నెండు" అనగానే నేను ఎర్ర ట్యాగు విప్పి, చీటీలు పెట్టుకున్న చోట వెతికి, జడ్జిగారి ముందు పెట్టేవాణ్ని. ఈలోగా కింద పడ్డ కాగితం ఏ కేసుదో తెలియక చెమటలు పట్టేవి. ఇక్కడ ఇరుపక్షాల కాగితాలన్నీ ఒకే చోట, కంప్యూటర్లో. కట్ట మొత్తానికి ఒకే వరుసలో పేజీ అంకెలు. మొన్న ఒక వకీలమ్మ పేజీ అంకె చెప్పి మీట నొక్కింది, అదే పేజీ జడ్జిగారి తెర మీద తెరుచుకుంది. క్లర్కు కదలనే లేదు. నాకు కాస్త అసూయ వేసిన మాట నిజం.

అయితే పిల్లలూ, కంప్యూటర్ కాగితాన్ని తీసేసిందే కానీ వాయిదాను తీయలేదు. ఆలస్యం కాగితంలో లేదు, నియమాల్లో ఉంది. దావా వేశాక, విచారణకు ముందు, వాది ప్రతివాదులు ఒకరినొకరు ప్రమాణం మీద ప్రశ్నించుకునే తంతు ఒకటి ఇక్కడ ఉంది. దాన్ని డిస్కవరీ అంటారు. కోర్టులో కాదు, జడ్జి ఉండడు. ఒక్కో పక్షానికి ఏడు గంటలు. అక్కడ వచ్చిన పేచీల మీద మళ్లీ దరఖాస్తులు, వాటి మీద వాదనలు. ఈ నియమాల పుస్తకం 1985లో అమల్లోకి వచ్చింది, అంటే మీ నాన్నకు అప్పుడు పాలపళ్లు.

2024 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి మొరావెట్జ్, రాష్ట్ర అటార్నీ జనరల్ డౌనీ కలిసి ఆ పుస్తకాన్ని మొదటినుంచీ తిరగరాసే పని మొదలుపెట్టించారు. చూశారా, ఇద్దరూ కలిశారు! 2025 ఏప్రిల్లో ఆ బృందం తన ఆలోచన బయటపెట్టింది. ప్రశ్నించుకునే తంతు ఎత్తేయాలి, ఎవరి దగ్గరున్న సాక్ష్యం వాళ్లు మొదట్లోనే పరచాలి, దావా వేసిన రెండేళ్లలో విచారణకు రావాలి. వకీళ్లలో చాలామందికి మింగుడు పడలేదు. ఎదుటివాడి నోట నిజం రాబట్టే అవకాశం పోతుందని వాళ్ల భయం. ఆ భయం ఉత్తిది కాదు. కానీ డబ్బు ఉన్నవాడు సాగదీస్తే లేనివాడు రాజీకి వచ్చి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. నా ఓటు రెండేళ్లకే.

నేర కేసుల్లో గడువు ముందే వచ్చింది. 2016లో కెనడా సుప్రీంకోర్టు, నేరం మోపిన నాటినుంచి 30 నెలల్లో ఈ కోర్టులో విచారణ ముగియాలని గీత గీసింది. దాటితే, గట్టి కారణం చూపకపోతే, కేసే ఆగిపోతుంది.

చిన్నా అడిగిన జ్యూరీ సంగతి. మన దేశంలో ఎప్పుడో పోయింది, ఇక్కడ ఉంది. హత్య కేసులో మామూలు మనుషులు పన్నెండు మంది కూర్చుని, అందరూ ఒకే మాట మీదికి వచ్చి తేల్చాలి. వాళ్లను ఎంచుకునే తీరు చట్టంలోనే రాసి ఉంది. ఒక్కొక్కరికీ ఒక చీటీ, చీటీలన్నీ ఒక డబ్బాలో, బాగా కలిపి ఒక్కొక్కటే తీయాలి. అచ్చం మన వినాయక చవితి పందిట్లో లడ్డూకి చీటీ తీసినట్టే. ఇప్పుడు కంప్యూటర్‌తో ఎంచుకోవడానికీ వీలిచ్చారు, అయినా చట్టంలో ఆ డబ్బా మాత్రం అలాగే ఉంది.

భాష రానివాళ్లకు దుబాసీ సాయం పొందే హక్కు కూడా రాజ్యాంగంలోనే ఉంది. ఇంగ్లీషు రాని మన తెలుగు ముసలాయన ఎవరైనా సాక్షిగా నిలబడితే ఆయనకూ అదే హక్కు.

వచ్చే మంగళవారం బస్సెక్కి టొరంటోలోని ఆస్గుడ్ హాలుకు వెళ్తున్నాను. ఈ కోర్టు అప్పీళ్ల శాఖ ఒకటి అక్కడ కూర్చుంటుంది. దాని చుట్టూ ఇనుప కంచె, వంకర తిరిగిన ఇరుకు గేట్లు. ఆ రోజుల్లో వీధుల్లో తిరిగే ఆవులు లోపలికి రాకుండా అలా పెట్టారని జనం చెప్పుకుంటారు. ఆవు సంగతి సరే, మీ నానమ్మ పెట్టే ఆవకాయ అన్నంతో పెరిగిన నా పొట్ట అందులో పడుతుందో లేదో చూసి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య