"అర్జెంట్, బ్లడ్ కావాలి": రక్తదానం పోస్టులపై అపోహలు - వాస్తవాలు

రక్తదాతలను, రోగుల కుటుంబాలను కలిపే చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. మా ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపులు చూసుకునేది నేనే. రోజూ ఎదురయ్యే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: మెసేజ్ ఎంతమందికి వెళ్తే రక్తం అంత త్వరగా దొరుకుతుంది.

వాస్తవం: తేదీ లేని మెసేజ్ నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి ఓ పాప ఆపరేషన్‌కి బి నెగటివ్ కావాలని పోస్టు పెట్టాం. సాయంత్రానికే ఇద్దరు దాతలు వచ్చారు, పాప కోలుకుని ఇంటికెళ్లిపోయింది. ఎనిమిది నెలలైనా వాళ్ల నాన్నకు ఫోన్లు ఆగలేదు. "రాత్రి రెండింటికి కూడా చేస్తున్నారు మేడమ్. ఫోన్ మోగితే చాలు, మా ఆవిడ ఉలిక్కిపడి లేస్తోంది" అన్నాడాయన. తప్పు మాదే, తేదీ వేయలేదు. ఇంకా బాధేమిటంటే, అలా ఫోన్ చేసినవాళ్లంతా నిజంగా రక్తం ఇద్దామనుకున్నవాళ్లే. "ఎప్పుడో దొరికిందండీ" అన్న మాట రెండుసార్లు విన్నవాళ్లు మూడోసారి ఫోన్ చేయరు.

ఇప్పుడు గ్రూపు, యూనిట్లు, ఆస్పత్రి, తేదీ, ఎన్నింటిలోగా కావాలి అన్నవి లేకుండా పోస్టు వెళ్లదు. నంబరు కుటుంబానిది కాదు, మా వాలంటీరుది. ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని వెనక్కి తెచ్చుకోలేం కాబట్టి వాట్సాప్‌లో ఫేస్‌బుక్ పోస్టు లింకు మాత్రమే పంపుతాం. అవసరం తీరగానే ఆ పోస్టు మీద "రక్తం దొరికింది" అని రాస్తాం. లింకు ఎప్పుడు తెరిచినా అదే కనిపిస్తుంది.

అపోహ: పిల్లల ఫోటో పెడితేనే జనం కదులుతారు.

వాస్తవం: కదులుతారు, ఆ ఒక్కరోజు. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఏళ్ల తరబడి రక్తం ఎక్కించాలి. జాలితో వచ్చినవాళ్లు ప్రతిసారీ రారు. పైగా ఫోటోలోని బాబు రేపు కాలేజీకి వెళ్తాడు, ఫోటో మాత్రం నెట్‌లోనే ఉండిపోతుంది. అందుకే మేం దాతలను చూపిస్తాం. మొదటిసారి ఇచ్చినవాళ్లు, చేతికి దూది అదుముకుని బిస్కెట్ తింటూ, "ఇంతేనా? దీనికా రాత్రంతా టెన్షన్ పడ్డాను!" అంటుంటే తీసిన చిన్న వీడియోలు మా పేజీలో బాగా పనిచేశాయి.

అపోహ: డెంగ్యూలో ప్లేట్‌లెట్స్ లక్షలోపు పడితే ఎక్కించాల్సిందే.

వాస్తవం: కాదు. రక్తస్రావం లేకపోతే, సాధారణంగా 10 వేలలోపు పడేదాకా ఎక్కించాల్సిన పని ఉండదు. ఆ నిర్ణయం డాక్టరుది. వానాకాలంలో భయంతో వచ్చే మెసేజ్‌లు చాలా ఎక్కువ. డాక్టరు రాసిచ్చిన చీటీ చూడకుండా మేం పోస్టు పెట్టం. ప్లేట్‌లెట్స్ నిల్వ ఉండేది ఐదు రోజులే, ఒకరి భయం కోసం ఇంకొకరికి లేకుండా చేయకూడదు.

అపోహ: ప్రపంచ రక్తదాతల దినోత్సవం రోజున, జూన్ 14న, పెద్ద క్యాంపు పెట్టి, ఫోటోలు పెడితే ఏడాది గడిచిపోతుంది.

వాస్తవం: ఎర్రరక్తకణాలు నిల్వ ఉండేది దాదాపు 42 రోజులు. మాకు కటకట వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు మళ్లీ రక్తం ఇవ్వొచ్చు. ఆ గడువు దాటిన మర్నాడే పేరు పెట్టి ఒక్కొక్కరికీ మెసేజ్ చేస్తాను: "రవళి గారూ, మీకు 120 రోజులు నిండాయి. ఈ ఆదివారం వీలవుతుందా?" దీనికి లైకులు, షేర్లు ఉండవు. ఎండాకాలంలో మా తలసీమియా పిల్లలకు రక్తం అందేది ఎక్కువగా ఈ మెసేజ్‌ల వల్లే.