బ్లూమెనావ్ వరద, షొక్లెంగుల భూమి: గేట్ల గొడవ వెనక కథ

ఇటజాయీ-అసు నది ఉప్పొంగుతోందని కబురు వస్తే చాలు, దక్షిణ బ్రెజిల్‌లోని సాంటా కతరీనా రాష్ట్రంలో పాత తగాదా మళ్లీ రాజుకుంటుంది. జోజే బోయితే దగ్గరున్న నార్త్ డ్యామ్ గేట్లు మూయాలా, వద్దా? మూస్తే దిగువన బ్లూమెనావ్ నగరానికి కాస్త ఊరట. ఎగువన షొక్లెంగ్ ఆదివాసీల ఊళ్లలోకి నీళ్లు.

బ్లూమెనావ్ పుట్టుక కథ చాలాసార్లు చెప్పుకున్నదే. 1850లో హెర్మన్ బ్లూమెనావ్ వెంట 17 మంది జర్మన్ వలసదారులు రావడం, బట్టల మిల్లులు, బీరు పండగ, ఇవన్నీ పర్యాటక కరపత్రాల్లో దొరుకుతాయి. వాటిలో కనపడనిది ఒకటుంది: ఊరు వెలిసిన రెండేళ్లకే, 1852లో, నది 16 మీటర్లు దాటి పారింది. 1880లో, 1911లో మళ్లీ అంతకంటే ఎక్కువే. అంటే వరద ఈ ఊరికి కొత్తగా వచ్చిన ఆపద కాదు. దాని భారం ఎవరు మొయ్యాలన్నది మాత్రం గత యాభై ఏళ్లలో తేల్చిన విషయం.

ఆ తేల్చింది 1976లో అని నా అభిప్రాయం. సైనిక పాలన రోజులవి. లోయలోని పట్టణాలను కాపాడాలని ఇటజాయీ ఉపనది అయిన హెర్సీలియో మీద డ్యామ్ పని మొదలుపెట్టారు. తమ నేల మీద కడుతున్నా షొక్లెంగులను ఎవరూ అడగలేదు. ఇది నీళ్లు నిల్వ ఉంచే డ్యామ్ కాదు. మామూలు రోజుల్లో నది దాని అడుగు నుంచే పారిపోతుంది, వెనక భాగమంతా ఎండుగా ఉంటుంది. వరదొచ్చినప్పుడు గేట్లు దించితే నీళ్లు వెనక్కి తన్ని లోయంతా నిండుతుంది. ఆ లోయ అడుగునే షొక్లెంగుల మంచి సాగు నేల ఉండేది. పని పూర్తి కాకముందే వాళ్ల ఊళ్లు మునిగాయి. ఏటి పక్కన ఒక్కచోట కలిసి బతికిన జనం చెదిరిపోయి కొండవాలుల మీదికి ఎక్కారు. అక్కడ నేల జారుతుంది, దారి తెగుతుంది.

నగరం మాటా వినాలి. 1983 జులైలో నది 15 మీటర్లు దాటింది, వారాల తరబడి బురద వదల్లేదు. ఏడాది తిరిగిందో లేదో, 1984 ఆగస్టులో అంతకంటే ఎత్తున వచ్చింది. రెండు నెలల తర్వాత, అక్టోబరులో, ఆ బీరు పండగ, అంటే తొలి అక్టోబర్‌ఫెస్ట్, జరిపారు. ఆ రెండు వరదలు చూసినవాళ్లకు డ్యామ్ ప్రాణంతో సమానం. 1992లో అది పూర్తయింది. అయితే 2008 నవంబరులో రాష్ట్రంలో వందమందికి పైగా చనిపోయినప్పుడు ఎక్కువమందిని మింగింది విరిగిపడ్డ కొండచరియలే. ఏ గేటూ వాటిని ఆపలేదు.

షొక్లెంగులు అక్కడికి ఎలా చేరారో కూడా చెప్పుకోవాలి. వలస ఊళ్లు విస్తరించిన కాలంలో బుగ్రేరోలు అనే కిరాయి మూకలు డబ్బు తీసుకుని అడవుల్లో వాళ్లను వేటాడాయి. చంపినట్టు రుజువుగా చెవులు కోసి తెచ్చేవారు. 1914లో ప్రభుత్వ ఉద్యోగి ఎడువార్డో హోయెర్హన్ వాళ్లతో శాంతి కుదిర్చాడు, ఆ తర్వాత రోగాలు చాలామందిని తీసుకుపోయాయి. 1926లో వాళ్లకు రిజర్వు కేటాయించారు. తర్వాత దాన్ని కోసుకుంటూ పోయారు. 1996 నాటికి అధికారికంగా మిగిలింది సుమారు 14 వేల హెక్టార్లు. 2003లో కేంద్రం 37 వేల హెక్టార్లుగా ప్రకటిస్తే రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఈ భూమి తగాదాలోంచే 'మార్కో తెంపొరాల్' (కాలపు గీత) అనే వాదన మీది కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 1988 అక్టోబరు 5న, అంటే రాజ్యాంగం వచ్చిన రోజున, తమ చేతిలో ఉన్న నేల మీదే ఆదివాసీలకు హక్కు అన్నది ఆ వాదన. తరిమేసినవాళ్లను 'ఆ రోజు నువ్వెక్కడున్నావ్?' అని అడగడంలో న్యాయం ఎక్కడుంది? 2023 సెప్టెంబరు 21న కోర్టు 9-2 తేడాతో ఆ వాదనను కొట్టేసింది. డిసెంబరులో పార్లమెంటు అదే వాదనను చట్టం చేసింది.

ఈ తీర్పుకూ ఆ చట్టానికీ మధ్యనే గేట్ల ఘర్షణ. 2023 అక్టోబరు 8న గవర్నర్ జోర్జీన్యో మేలో గేట్లు మూయించారు. పోలీసులొచ్చారు, రబ్బరు తూటాలు పేలాయి, షొక్లెంగులు గాయపడ్డారు. కిందివాళ్లను కాపాడటానికే అని ప్రభుత్వం అంది. గేట్లు అసలు మూయొద్దని షొక్లెంగులు పట్టుబట్టడం లేదు. మూసే ముందు పడవలు, తాగునీరు, తిండి, అంబులెన్సు, తెగని దారి ఏర్పాటు చేయమన్నారు. ఇళ్లు, రోడ్లు కట్టిస్తామని డ్యామ్ పూర్తయిన కాలం నుంచీ ఇస్తూ వచ్చిన హామీల్లో చాలా వరకు తీరనేలేదన్నది వాళ్ల ఫిర్యాదు. దానికి జవాబు చెప్పకుండా, నీరు పెరిగిన రాత్రి పోలీసులను పంపితే ఆ గేట్ల దగ్గర గొడవ ఎలా ఆగుతుంది?